బేతాళకథలకు రేఖామకుటము: శంకర్ చిత్రకళ

శతకమునకు మకుటము ప్రాణము. శతకమందలి పద్యములు వేర్వేరు విషయములను చెప్పవచ్చును. ఒక పద్యమునకు మఱియొక పద్యముతో పొత్తు లేకపోవచ్చును. అయినను ప్రతిపద్యము తుదను మరల మరల వినవచ్చు నా సంబోధనము వాని నన్నిటిని ఒక్కత్రాట కట్టుచున్నది. ముక్తకముయొక్క స్వాతంత్ర్యము చెడదు; శతకముయొక్క ఏకత్వము చెదరదు. ఇది మన సాహిత్యవిద్యార్థులకు తెలిసిన విషయమే. అయితే మకుటము పదములలోనే ఉండవలయునా, రేఖలలో ఉండరాదా యను ప్రశ్నను మనము వేసికొన్నట్లు తోపదు. ఆ ప్రశ్నకు తావిచ్చు ఉదాహరణ మొకటి మన బాల్యముననే మన యింటికి నెలనెల వచ్చుచుండెడిది. కత్తి చేతబట్టి, శవమును భుజమున వైచికొని, శ్మశానమున నడచుచున్న విక్రమార్కుని చిత్రమే యది. చందమామ మాసపత్రికలో బేతాళకథ ఏది వచ్చినను దాని శిరోభాగమున ఆ చిత్రమో, దాని రూపాంతరమో కన్పట్టెడిది. కథ క్రొత్తది, చిత్రము పాతది. కథ చదివి మఱచినవారు కలరు గాని, ఆ చిత్రమును చూచి మఱచినవారు అరుదు.

ఆ చిత్రమును గీసిన శంకర్ అరువదియేండ్ల కళాసేవను స్మరించుట ఈ వ్యాసమున కొక ప్రయోజనము. కేవల స్మరణము పరిశోధన కానేరదు గావున, ఆయన చిత్రము బేతాళకథాచక్రమున నిర్వహించిన సాహిత్యధర్మ మెట్టిదో విచారించుట రెండవ ప్రయోజనము. ఈ రెండవదానికే ఇచట ఎక్కువ చోటు నిచ్చెదను.

శంకర్ అను పేరుతో ప్రసిద్ధులైన కె. సి. శివశంకరన్ 1924 జూలై 19న తమిళనాడున ఒక పల్లెలో జన్మించిరి. మద్రాసు ప్రభుత్వ చిత్రకళాపాఠశాలలో, దేవీప్రసాద్ రాయ్ చౌధురీ అధ్యక్షత వహించియున్న కాలమున శిక్షణ పొందిరి. కలైమగళ్ అను తమిళపత్రికలో కొంతకాలము పనిచేసి, 1950వ దశకపు తొలినాళ్ళలో చందమామ సంస్థలో ప్రవేశించిరి. ఆ పత్రిక 2010 తరువాతి సంవత్సరములలో నిలిచిపోవువఱకును ఆయనకు దానితో సంబంధము తెగలేదు. 2020 సెప్టెంబరు 29న, తొంబదియాఱేండ్లు నిండిన పిమ్మట పరమపదించిరి. 2021లో భారతప్రభుత్వము మరణానంతరము పద్మశ్రీ ప్రకటించినది. ఒక చిత్రకారుడు ఒకే పత్రికను ఆశ్రయించి, ఒకే పాఠకలోకమునకై, మూడుతరముల బాలురు పెరిగి పెద్దవారగువఱకు గీయుచునే యుండుట మన దేశమున మిక్కిలి అరుదైన విషయము.

ఆయన చేసిన పనిని గుర్తింపవలయునన్న ముందుగా ఆయన చేతికి వచ్చిన కథయొక్క పుట్టుపూర్వోత్తరములను కొంత తెలిసికొనవలసియున్నది. వేతాళపంచవింశతి బృహత్కథాసంప్రదాయములో మనకు లభించుచున్నది. గుణాఢ్యుడు శాతవాహనుని ఆస్థానమును వీడి, పైశాచీభాషలో ఏడులక్షల గ్రంథమును రచించెననియు, అది ఆదరింపబడకపోగా అడవిలో మృగములకు వినిపించుచు ఆఱులక్షలను అగ్నికి ఆహుతి చేసెననియు కథాపీఠము చెప్పుచున్నది. మిగిలిన లక్షయే బృహత్కథ. ఆ మూలము నేడు లేదు. పదునొకండవ శతాబ్దిలో కాశ్మీరదేశమున క్షేమేంద్రుడు బృహత్కథామంజరిని, సోమదేవుడు కథాసరిత్సాగరమును సంస్కృతమున రచించిరి. ఈ రెంటను వేతాళకథలు కలవు. శివదాసుడు, జంభలదత్తుడు మున్నగువారి పాఠములు వేఱుగా నున్నవి. విక్రమార్కుని మఱియొక కథాచక్రమును కొఱవి గోపరాజు సింహాసనద్వాత్రింశికగా తెలుగుపద్యమున వెలయించెను.

సోమదేవుని పాఠమున రాజు పేరు త్రివిక్రమసేనుడు. ఆతని పురము గోదావరీతీరమందలి ప్రతిష్ఠానము. అనగా ఈ కథకు సోమదేవుడు చూపిన రంగస్థలము ఉజ్జయిని కాదు. శాతవాహనుల రాజధానియైన పైఠణమే. కాశ్మీరపుకవి గోదావరియొడ్డున నిలిపిన కథ తిరిగి తిరిగి మద్రాసున తెలుగుపత్రికలో తలయెత్తుట కేవలము యాదృచ్ఛికమే కావచ్చును గాని, మనకు ప్రీతికరము. ఆ కథలో క్షాంతిశీలుడను భిక్షువు ప్రతిదినము రాజునకు ఒక ఫలము నిచ్చుచుండును. ప్రతిఫలమునందును ఒక రత్నమున్నట్లు బయల్పడిన పిమ్మట, రాజు ఆతని కోర్కెకు కట్టుబడి, శ్మశానమందలి శింశుపావృక్షమునుండి శవమును తెచ్చుటకు పోవును. శవమును ఆవేశించిన వేతాళుడు త్రోవలో కథ చెప్పి చిక్కుప్రశ్న వేయును. రాజు సమాధానము చెప్పగనే మౌనభంగమగును. శవము చెట్టునకు పోవును. కడపటి ప్రశ్నకు మాత్రము రాజునకు ఉత్తరము తోపదు. ఆ మౌనమునకు మెచ్చిన వేతాళుడు భిక్షువు చేయదలచిన ద్రోహమును వెల్లడించి, రాజును కాపాడును. కథ ముగియును.

ముగియుట యను నీ ధర్మమే చందమామలో తొలగిపోయినది. 1947 జూలైలో చక్రపాణి, నాగిరెడ్డిగార్లు ప్రారంభించిన ఆ పత్రికలో, పంచవింశతి యను సంఖ్యను దాటి బేతాళకథలు వందలకొలదిగా పెరిగినవి. మూలమందలి చట్రమును నిలుపుకొని, లోని కథలను క్రొత్తగా కల్పించుచు పోయిరి. 1952 మొదలు 1980లో మరణించువఱకు కొడవటిగంటి కుటుంబరావుగారు ఆ పత్రికలో నుండి చేసిన కృషి దీనికి ప్రధానాధారము. ఇట్లు చట్రము శాశ్వతమై, కథ అనంతమైనప్పుడు కొన్ని మార్పులు తప్పనిసరి యైనవి. భిక్షువు మెల్లగా తెరవెనుకకు పోయెను. రత్నగర్భములైన ఫలములు కనుమఱుగయ్యెను. రాజు ఎందులకై ఈ శ్రమ పడుచున్నాడో బేతాళుడే ప్రతికథారంభమున శంకించును గాని, దానికి రాజు ఉత్తర మీయడు. అడుగుట కథలోని లాంఛనము, చెప్పకపోవుటయు లాంఛనమే. మూలమున ప్రయాణమునకు గమ్యమున్నది, గమ్యమున మోసమున్నది, మోసమునకు ప్రతీకారమున్నది. చందమామలో ప్రయాణము మాత్రమే మిగిలినది.

గమ్యములేని ప్రయాణమును నెలనెల చదువు బాలుడు విసుగుచెందకుండుటకు కారణమేమి? లోపలి కథయందలి చమత్కార మొక కారణము. అయితే లోపలి కథ మాఱుచున్నది గావున అది చట్రమునకు బలమీయజాలదు. చట్రమును చెప్పు వాక్యములు ఇంచుమించుగా ప్రతినెల అవియే. వానిని కన్ను దాటిపోవును. చట్రమునకు ప్రాణము పోసినది చిత్రమే యని నా అభిప్రాయము. మకుటమువలెనే అది మాఱకుండుటచే పనిచేసినది. పాఠకుడు ఆ చిత్రమును చూచినంతనే రాత్రి యైనది, శ్మశానము వచ్చినది, బేతాళుడు నోరు తెఱవబోవుచున్నాడు. వర్ణన మక్కఱలేదు. వచనము విడిచిన భారమును రేఖ మోసినది.

ఇక చిత్రకారుడు ఎన్నుకొన్న ఘట్టమును పరిశీలింతము. కథకుడు కాలమున నడచును. చిత్రకారుడు ఒక్కక్షణమున నిలుచును. ఆ ఒక్కక్షణ మేదియై యుండవలయునో జర్మను విమర్శకుడు లెస్సింగ్ 1766లో ప్రకటించిన లావొకోవన్ గ్రంథమున చర్చించెను. భావము పరాకాష్ఠ నందిన క్షణమును చిత్రింపరాదనియు, దానిని చూపినచో ప్రేక్షకుని ఊహకు పైకి పోవుటకు తావుండదనియు ఆతని సిద్ధాంతము. ముందు జరిగినదియు, మీద జరుగబోవునదియు స్ఫురించు క్షణమే చిత్రమునకు తగినది. ఈ సూత్రమును శంకర్ చదివిరో లేదో మనకు పనిలేదు. ఆయన చిత్రము దానికి చక్కని లక్ష్యము. బేతాళకథాచట్రమున చిత్రింపదగిన ఘట్టములు మూడు కలవు. రాజు చెట్టెక్కి శవమును దించుట ఒకటి. బేతాళుడు ప్రశ్న వేయుట రెండవది. మౌనభంగమై శవము ఎగిరిపోవుట మూడవది. అద్భుతదృష్టితో చూచినచో మూడవది అన్నింటికంటె మిన్న. శవము ఆకాశమున ఎగురుచుండగా రాజు నిశ్చేష్టుడై చూచుట ఎట్టి చిత్రకారుని కైనను ఆశపుట్టించు దృశ్యము. మకుటచిత్రమునకు ఆయన దానిని గ్రహింపలేదు. చెట్టు వెనుకబడినది, గమ్యము కానరాదు, నడుమ రాజు నడచుచున్నాడు. శవమును దించుట అయిపోయినది, ఎగిరిపోవుట కాలేదు. రెంటికి నడుమ మిగిలినది నడక, దానితోపాటు మౌనము. కథ చెప్పుటకు చోటున్న క్షణము అదియొక్కటే.

ఔచిత్యమనగా నిట్టిదే. ఔచిత్యవిచారచర్చను రచించిన క్షేమేంద్రుడే బృహత్కథామంజరిలో ఈ వేతాళకథలను చెప్పినవాడనుట గుర్తుంచుకొనదగినది. ఏది దేనికి తగునో దానిని అచట నిలుపుటయే కావ్యమునకు జీవితమని ఆతని మతము. కథాశిరస్సున ఎగిరిపోవు శవమును నిలిపినచో, కథ తుదను జరుగవలసినది మొదటనే చెప్పినట్లగును. శంకర్ చిత్రమున ఆ దోషము లేదు.

రసదృష్టితో చూచినప్పుడు ఈ చిత్రమునకు మఱియొక విశేషము కలదు. ఎనిమిదిరసములలో నాలుగు మూలరసములనియు, తక్కిన నాలుగు వానినుండి పుట్టుననియు భరతుడు చెప్పియున్నాడు. వీరమునుండి అద్భుతము, బీభత్సమునుండి భయానకము జనించునని ఆతని క్రమము. ఈ నాలుగును బేతాళచట్రమున కలవు. రాజునందు వీరము, శవమునందు బీభత్సము, శ్మశానమునందు భయానకము, మాటాడు శవమునందు అద్భుతము. కావ్యములో వీనిని వరుసగా చెప్పవచ్చును. చిత్రమున ఒక్కచోటనే చూపవలయును. ఒక్కచోట చూపినప్పుడు ఏది అంగి, ఏది అంగము అను నిర్ణయము చిత్రకారునిపై పడును. ఈ నిర్ణయము తప్పినచో పిల్లవాడు పుస్తకమును మూసివేయును.

శంకర్ ఈ చిక్కును రేఖల పోకడతోనే విడదీసిరి. రాజు దేహము నిలువుగా, ముందునకు సాగుచున్నది. చేతి కత్తియు, చాచిన అడుగును ఒకే ఉత్సాహమును తెలుపుచున్నవి. శవము దానికి విరుద్ధముగా వ్రేలాడుచున్నది. దానియందు కదలిక లేదు. దాని బరువు మాత్రమున్నది. ఆ బరువును మోయు భుజము వంగదు. ఇట్లు బీభత్సమునకు ఆలంబనమైన శవము వీరమునకు ఉద్దీపనముగా మాఱినది. శవమెంత భీకరమైనచో, మోయువాని ధైర్యము అంత గొప్పది. కపాలములు, ఎముకలు, మోడుచెట్లు మున్నగు భయానకసామగ్రి రాజును చుట్టియున్నను, ఆతని ముఖమున భయము లేదు. ప్రక్కన నిలిచి చూచు బాలుడు రాజుముఖమును చూచియే ధైర్యము తెచ్చుకొనుచున్నాడు. అందుచేత వీరము అంగి, బీభత్సభయానకములు అంగములు. నాలుగవదియైన అద్భుతము? అది చిత్రమున లేదు. శవము మాటాడునని కథకే తెలియును, చిత్రమునకు తెలియదు. చిత్రము వీరమును నిలిపి ఊరకుండును. దానినుండి పుట్టవలసిన అద్భుతమును కథకు విడిచిపెట్టును. భరతుడు చెప్పిన జన్యజనకభావము ఇచట చిత్రమునకును కథకును నడుమ పంచుకొనబడినది. చిత్రము కథకు అలంకారము మాత్రమే యని చెప్పువారు ఈ విభాగమును గమనింపవలయునని ప్రార్థింతును.

ఇంతవఱకు ఒక్క చిత్రమును గూర్చి చెప్పితిని. ఆయన పద్ధతిని గుర్తించుటకు తోటిచిత్రకారులతో పోల్చిచూచుట అవసరము. చందమామ తొలిచిత్రకారుడు చిత్రా యను పేరుతో గీసిన టి. వి. రాఘవన్. గురుముఖమున నేర్వక, స్వయంకృషిచే పైకి వచ్చినవాడు. దాసరి సుబ్రహ్మణ్యముగారి తోకచుక్క, మకరదేవత మున్నగు ధారావాహికలకు రూపము నిచ్చినవా డాతడే. వింతజంతువులను, మాంత్రికులను కల్పించుటలో ఆతనికి సాటి లేరు. ముఖచిత్రములలో మొదట ఎం. టి. వి. ఆచార్య మహాభారతఘట్టములను గంభీరముగా నిలిపెను. పిమ్మట శ్రీకాకుళమున 1921లో జన్మించి, కశింకోటలో స్థిరపడిన వడ్డాది పాపయ్యగారు దశాబ్దములకొలది ఆ అట్టలను తమ వర్ణములతో వెలిగించిరి. పాపయ్యగారి ముఖచిత్రమును దూరమునుండి చూచినను గుర్తింపవచ్చును. ఆయన వర్ణమున నిలిచిన కళాకారుడు. శంకర్ రేఖయందు నిలిచిన కళాకారుడు.

విష్ణుధర్మోత్తరమందలి చిత్రసూత్రము ఈ భేదమును ఏనాడో గుర్తించినది. ఆచార్యులు రేఖను మెచ్చుకొందురనియు, విచక్షణులు ఛాయాకల్పనమైన వర్తనను మెచ్చుకొందురనియు, స్త్రీలు భూషణములను కోరుదురనియు, తక్కిన జనులు వర్ణసమృద్ధికి సంతసింతురనియు అందు కలదు. ఈ విభాగమును నేడు యథాతథముగా అంగీకరింప నక్కఱలేదు. వర్ణప్రియులను తక్కువచేయుటకు నేను దీనిని ఉదాహరింపలేదు. పాపయ్యగారి వర్ణము పామరరంజకము మాత్రమే యనుట అన్యాయమగును. నా తాత్పర్య మింతమాత్రమే: ముఖచిత్రమున కొక ధర్మము, కథాచిత్రమున కొక ధర్మము కలవు. ముఖచిత్రము అంగడిలో వ్రేలాడుచు, బాటసారిని పిలువవలయును. దానికి వర్ణము బలము. కథాచిత్రము చదువుచున్నవాని కనుకొసను నిలిచి, అక్షరములతో పోటీపడక, తోడుగా నడువవలయును. దానికి రేఖ బలము. అక్షరమును రేఖయే కదా! శంకర్ చిత్రములు పుటయందు అచ్చుటక్షరముల ప్రక్కన ఒదిగియుండుటకు ఈ సజాతీయత కారణము.

బేతాళచిత్రము కథాపుటయందున్నను, ఆ కథావరుసకు ముఖచిత్రమే. ఆ రెండు ధర్మములును దానియందు కలిసినవి. అది పిలువవలయును, తోడుగా నడువవలయును కూడ. అట్టి రెండు పనులను ఒక్క గీతచే చేయించినవాడు గావుననే శంకర్ పేరు ఆ చిత్రముతో విడదీయరానిదైనది.

దీనికి తోడు భాషావిషయ మొకటి ఉన్నది. చందమామ తెలుగు, తమిళములతో మొదలై పదింటికి మించిన భాషలలో వెలువడినది. కథ భాష మార్చుకొన్నది, చిత్రము మార్చుకొనలేదు. తెలుగుబాలుడును, తమిళబాలుడును, మరాఠీబాలుడును ఒక్క విక్రమార్కునే చూచిరి. ఆ విక్రమార్కుడు ఏ ప్రాంతమువాడని గీయవలయును? శంకర్ దేవాలయశిల్పముల ఆభరణములను, దక్షిణదేశపు కోటలను, వీధులను, చెట్లను ఆధారముగా గొని, ఏ ఒక్క రాజవంశమునకును చెందని ఒక కథాదేశమును నిర్మించిరి. అది పాతాళభైరవి, మాయాబజారు మున్నగు చలనచిత్రములను నిర్మించిన వారి యింటనే వెలసిన పత్రిక యగుటచే, ఆ కథాదేశమునకును తెరమీది జానపదలోకమునకును పోలికలు కానవచ్చుట వింత కాదు. అన్ని భాషలవారును అది తమ దేశమే యనుకొనిరి. తెలుగువాడు కాని చిత్రకారుడు తెలుగుబాలుని ఊహలోని రాజునకు రూపము నిచ్చుట మన సాహిత్యచరిత్రలో నమోదు చేయదగిన ఋణము.

ఇక ఆక్షేపణములను పరిశీలింతము. చిత్రము ఊహను బంధించునను మాట మొదటిది. విక్రమార్కుడనగానే మన కందఱకును శంకర్ విక్రమార్కుడే కనులముందు నిలుచుచున్నాడు. వేఱొక రూపమును ఊహించు స్వేచ్ఛను కోల్పోతిమి. ఇది నిజమే. అయితే బాలుడు ఊహింపవలసినది రాజు ముక్కును కాదు, న్యాయమును. బేతాళుడు వేయు ప్రశ్న ధర్మసూక్ష్మమునకు సంబంధించినది. ఎవడు త్యాగి, ఎవడు దోషి, ఎవనికి ఎవడు ఋణపడియున్నాడు అను విచారమున పిల్లవాని బుద్ధి తిరుగవలయును. రూపమును చిత్రము స్థిరపఱచుటచే బుద్ధికి ఆ పనికి తీరిక చిక్కినది. ఈ సమాధానము సంపూర్ణము కాకపోయినను, ఆక్షేపణముయొక్క వాడిని తగ్గించుచున్నది.

రెండవ ఆక్షేపణము వైవిధ్యలోపము. శంకర్ చిత్రములందలి రాజులు ఒకరివలె నొకరుందురు. సుందరీమణుల ముఖములు ఒక్క అచ్చున పోసినట్లుండును. యుగభేదము, దేశభేదము వేషములందు తరచుగా కానరాదు. దీనిని నేను కాదనను. నెలనెల గడువునకు లోబడి గీయువాని చేయి కొన్ని మూసలను ఆశ్రయించును. షడంగములలో రూపభేదమునకంటె ప్రమాణమునకు, భావమునకు ఆయన చేయి ఎక్కువ లొంగినదని చెప్పవలయును. అయితే ఆ రూపసామాన్యము జానపదకథయొక్క స్వభావమునకు దూరమైనది కాదు. అనగా అనగా ఒక రాజు అని ఆరంభించు కథలో ఆ రాజునకు ప్రత్యేకముఖ మెందులకు?

మూడవది నాకు గట్టిదిగా తోచు ఆక్షేపణము. మూలకథ మోసమును గూర్చినది. దానమిచ్చి చేరువైన భిక్షువు ద్రోహియని, శత్రువుగా తోచిన వేతాళుడు హితుడని అందలి మర్మము. మాట యిచ్చిన రాజు తన బలికే తాను శవమును మోయుచున్నాడు. ఆ సంగతి ఎఱుగడు. ఈ వ్యంగ్యము చందమామ చట్రమున అడుగంటినది. శంకర్ చిత్రమున రాజు నిష్కళంకుడైన వీరుడు. మోసపోవుచున్నవాని ఛాయ ఆతని ముఖమున లేదు. పట్టువదలని విక్రమార్కుడను మాట తెలుగున జాతీయమై, పట్టుదలకు మాఱుపేరైనది గాని, ఎవరికొఱకు పట్టుదల యను ప్రశ్న దానినుండి జాఱిపోయినది. ఈ లోపము చిత్రకారునిది కాదు. చట్రమును మార్చినది కథయే. అయితే ఆ మార్పును ముద్రవేసి స్థిరపఱచినది చిత్రము. దీనివలన కలిగిన లాభమును కూడ చెప్పవలయును. ఫలమేమో తెలియకయే, అలసట నెఱుగక, ప్రతిపర్యాయమును ఓడి మరల చెట్టు వద్దకు పోవు మనుష్యుని మూర్తి మన బాలురకు లభించినది. సత్యము చెప్పినందులకే ఆతడు ఓడుచున్నాడు. ఐనను తెలిసిన న్యాయమును దాచలేడు. మూలమునందు కొంత పోయినది. దాని స్థానమున మఱియొకటి వచ్చినది. నష్టలాభముల రెంటిని గణించుటయే విమర్శకుని పని.

ఈ వ్యాసము వ్రాయుటకు కారణమైన యొక అనుభవమును ఇచట విన్నవింతును. కొన్నియేండ్ల క్రిందట ఒక గ్రంథాలయమున పాత చందమామ సంపుటములను చూడగోరితిని. చక్కగా కుట్టించి, గట్టి అట్టలు వేయించి, వెన్నుమీద సంవత్సరములు వ్రాయించి యుంచిరి. తెఱచి చూడగా ఒక్క సంచికకును ముఖచిత్రము లేదు. కుట్టువాడు అంచులు సరిచేయునప్పుడు పై అట్టలను చింపివేసినాడట. కొన్ని పుటలలో బొమ్మల అంచులును కోతబడినవి. కథలన్నియు భద్రముగా నున్నవి గదా యని అచటి ఉద్యోగి నన్ను ఊరడించినాడు. ఆతని మాటలో కపటము లేదు. సాహిత్యమనగా అక్షరము మాత్రమే యని మనము తరగతులలో నేర్పినదానినే ఆతడు ఆచరించినాడు. బేతాళకథల నిర్మాణమును గూర్చి విద్యార్థులు నాకు చూపిన వ్యాసములందును కథాంశములు, ప్రశ్నలు, నీతులు పట్టికలుగా నుండును. చిత్రమును గూర్చి ఒక్క వాక్యమైన నుండదు. నేనును విద్యార్థిగా నుండినప్పుడు అట్లే వ్రాసితిని. కాగా ఈ దోషమున నాకును పాలు కలదు.

కావున నా విన్నపములు మూడు. బాలసాహిత్యపత్రికల సంపుటములను కుట్టించునప్పుడు అట్టలతో సహా భద్రపఱుపవలయును. కథాసూచికలను కూర్చువారు కథపేరుతోపాటు చిత్రకారుని పేరును తెలిసినంతవఱకు చేర్పవలయును. సచిత్రకథను పరిశోధించు విద్యార్థి చిత్రమును వ్యాఖ్యానముగా స్వీకరించి, అది మూలమునకు ఎచట విధేయమో, ఎచట స్వతంత్రమో పరిశీలింపవలయును. మల్లినాథుని వ్యాఖ్య లేక కాళిదాసును చదువుట నేర్వని మనము, శంకర్ వ్యాఖ్య లేక బేతాళకథను చదివితిమని చెప్పుకొనుట తగదు.

చందమామ నేడు వెలువడుట లేదు. కథలు తిరిగి అచ్చగుచున్నప్పుడు ఒకప్పుడు పాతబొమ్మలతో, ఒకప్పుడు అవి లేకయు వచ్చుచున్నవి. బొమ్మ లేని బేతాళకథను ఇటీవల మా యింటి పిల్లవానికి చదివి వినిపించితిని. కథ నచ్చినది. పిమ్మట వాడు, రాజు శవమును ఏ భుజముమీద వేసికొన్నాడని అడిగినాడు. నాకు వెంటనే తోచిన సమాధానము ఏ గ్రంథముననుండియు రాలేదు. చిన్ననాడు చూచిన చిత్రమునుండియే వచ్చినది. కాగితము తీసికొని, నాకు చేతనైనట్లు గీసి చూపితిని. అరువదియేండ్లు గీసి గీసి, లక్షలాది పాఠకుల జ్ఞాపకమున ఇట్లు నిలిచిన ఆ చిత్రకారునకు తెలుగుసాహిత్యవిద్యార్థుల పక్షమున ఈ వ్యాసము ఒక చిన్న నమస్కారము. ఇందలి దోషములను విజ్ఞులు సవరింతురు గాక.